చక్కెర ద్రవమా? ఘన, ద్రవ, వాయు పదార్థాలను పిల్లలకు ఎలా చెప్పాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఐదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి పరీక్షలో చక్కెరను ద్రవపదార్థాల గడిలో రాసింది. మార్కు పోయింది. ఎందుకలా రాశావని అడిగితే, "ఏ డబ్బాలో పోస్తే ఆ డబ్బా ఆకారమే వస్తుంది కదమ్మా" అంది. నిర్వచనాలు మూడూ గడగడా అప్పజెబుతుంది కానీ అర్థమైనట్టు లేదని, ఇంట్లో ఎలా చెప్పాలని అడిగారు.

నేను జిల్లా పరిషత్ పాఠశాలల్లో 26 ఏళ్లు భౌతికరసాయన శాస్త్రం చెప్పాను. ఆ అనుభవంతో అంటున్నాను, ఆ తరగతిలో నిర్వచనాన్ని నిజంగా వాడి చూసింది బహుశా మీ అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్లు రాయి, పాలు, బెలూను బొమ్మలున్న పట్టికను కంఠతా పట్టారు. ఈమె చక్కెర డబ్బా వైపు చూసింది. "ద్రవాలు పాత్ర ఆకారాన్ని పొందుతాయి" అని నేర్పించి, చక్కెర పాత్ర ఆకారాన్ని పొందుతుందని గమనించిన పిల్లకు ఇంటూ పెడితే, ఆ పిల్ల నేర్చుకునేది ఇకపై గమనించకూడదనే.

అందుకని సరిదిద్దేముందు మెచ్చుకోండి. తర్వాత పటికబెల్లం ముక్క ఒకటి చేతికిచ్చి, ఇది ఘనమా ద్రవమా అని అడగండి. ఘనమే అంటుంది. రోట్లో వేసి ఒక దెబ్బ వేయమనండి. నాలుగు ముక్కలవుతాయి. ఇప్పుడు? ఇంకో రెండు దెబ్బలు వేస్తే చక్కెర పలుకులంత అవుతాయి. ఇంకాస్త నూరితే పొడి. ఏ దెబ్బకు ద్రవంగా మారిందో చెప్పమనండి. నేను ఈ ప్రశ్న వేసినప్పుడల్లా తరగతి రెండు పక్షాలుగా చీలి వాదించుకునేది. ఆ వాదన సాగనివ్వండి, వెంటనే తీర్పు చెప్పకండి. కాసేపయ్యాక భూతద్దం ఇచ్చి ఒక్క పలుకును చూడమనండి. దానికి మూలలున్నాయి, అంచులున్నాయి, డబ్బా మారిస్తే ఆ మూలలు మారలేదు. పాఠంలో చెప్పిన ఆకారం ఆ ఒక్క పలుకుది. మొత్తం చక్కెరది కాదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. పళ్లెంలో చక్కెర పోస్తే కుప్ప పడుతుంది. నీళ్లు పోస్తే పరుచుకుని మట్టమవుతాయి. రవ్వ, ఇసుక, ముగ్గుపిండి అన్నీ కుప్ప పడేవే. తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలబడుతుంది కదా అని మీ అమ్మాయి అడ్డు తగిలిందంటే సంతోషించండి. అది తలతన్యత అనే వేరే కథ, దాన్ని ఇంకో రోజుకు దాచుకోవచ్చు.

పదార్థాలన్నీ ఈ మూడు గడుల్లో బుద్ధిగా కూర్చోవని కూడా పిల్లలకు ముందే చెప్పేయాలి. ఇడ్లీపిండి, పెరుగు, వెన్న, టూత్‌పేస్టు, స్పాంజి, వీటిని ఎక్కడ పెడతావని అడిగి చూడండి. పెరుగు గిన్నెను కాస్త వంచితే కదలదు, చెంచాతో కలిపితే మజ్జిగలా పారుతుంది. మొక్కజొన్న పిండిని, అంటే బజారులో కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికే తెల్లటి పిండిని, కొద్ది నీళ్లతో చిక్కగా కలిపి గుద్దితే గట్టిగా ఉంటుంది, వేలు మెల్లగా దించితే మునిగిపోతుంది. వీటికి సరైన జవాబు చెప్పించాలని పట్టుబట్టకండి. "ఎందుకు తేల్చుకోలేకపోతున్నావు?" అన్న ప్రశ్న చాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో ఒక గరాటులో తారులాంటి నల్లటి పదార్థం పోశారు. సుత్తితో కొడితే గాజులా పగిలే పదార్థం అది. అలాంటిది చుక్కలు చుక్కలుగా కారుతోంది. తొమ్మిదో చుక్క రాలింది 2014లో. ఈ సంగతి చెబితే పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో చూడాలి. మే నెల ఎండలో చెప్పులకంటుకునే రోడ్డు తారు మన పిల్లలకు తెలిసిందే, కాబట్టి నమ్మడం కష్టం కాదు.

ఇక మాటల గొడవ. దీన్ని నేను చాలా ఆలస్యంగా గుర్తించాను. తెలుగులో మంచు కరుగుతుంది, చక్కెర కూడా నీళ్లలో కరుగుతుంది. రెంటికీ మనకు ఒకటే మాట. పిల్లలు రెండూ ఒకటేననుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. "చక్కెర కరిగి నీళ్లయిపోయింది" అని రాసిన జవాబు పత్రాలు నేను ఎన్ని దిద్దానో లెక్కలేదు. తేడా చూపించడానికి ఒకే ప్రశ్న వాడండి: "ఇందులో ఎన్ని వస్తువులున్నాయి?" మంచుగడ్డ కరిగేటప్పుడు గిన్నెలో ఉన్నది ఒక్కటే, నీరు. దానికి కావలసింది వేడి. చక్కెర కరగడానికి రెండో వస్తువు కావాలి, నీళ్లో పాలో ఉండాలి. పైగా చక్కెర ఎక్కడికీ పోలేదు, నాలుకకు తెలుస్తూనే ఉంది. ఆ నీళ్లను పళ్లెంలో పోసి నాలుగు రోజులు ఎండలో పెడితే తిరిగి గట్టిగా అడుగున మిగులుతుంది. చీమలు రాకుండా చూసుకోండి, మా బడిలో ఈ ప్రయోగం రెండుసార్లు చీమల పాలైంది. ఉప్పుతో చేస్తే ఆ బెడద లేదు.

ఘనపరిమాణం ఇంకో చిక్కు. "ద్రవాలకు నిర్దిష్ట ఘనపరిమాణం ఉంటుంది" అని బోర్డు మీద రాయగానే ఒక ఏడాది ఒక పిల్లవాడు లేచి, "ఘనపరిమాణం ఉంటే ఘనపదార్థమే కదండీ?" అన్నాడు. తరగతి నవ్వింది. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఘనం అంటే గట్టిది, ఘనం అంటే పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న పెట్టె ఆకారం కూడా. ఘనపరిమాణంలో ఉన్నది ఈ రెండో ఘనం. చిన్న తరగతుల్లో ఆ మాట వాడకుండా "ఎంత చోటు పడుతుంది?" అని అడిగితే సరిపోతుంది. లోటాలోని నీళ్లను పళ్లెంలో పోసినా పట్టే చోటు అంతే. మళ్లీ లోటాలో పోసి అదే గీత దాకా వచ్చిందని చూపించండి.

మన భాష కొన్నిచోట్ల తికమకపెట్టినా, కొన్నిచోట్ల పాఠం మొత్తాన్ని తనే చెప్పేస్తుంది. నీళ్లు ఇంకాయి, ఇగిరాయి, ఆరాయి, ఆవిరయ్యాయి. ఇంకడమంటే కిందికి, లోపలికి పోవడం. ఇగరడమంటే పైకి పోవడం. కూరలో నీరంతా పోయేదాకా పొయ్యి మీద ఉంచితే ఇగురు కూర. వాన వెలిశాక వాకిట్లో మిగిలిన నీటిమడుగు ఎటుపోయిందని అడిగితే దాదాపు పిల్లలందరూ "ఇంకిపోయింది" అంటారు. మట్టినేల మీద అయితే అది చాలావరకు నిజం. అదే సిమెంటు అరుగు మీదో, స్టీలు పళ్లెంలోనో? అక్కడ ఇంకడానికి దారి లేదు. పళ్లెంలో రెండు చెంచాల నీళ్లు పోసి సాయంత్రానికి ఖాళీ అయిందని చూపి, "ఇంకాయా, ఇగిరాయా?" అని అడగండి. ఈ రెండు మాటల తేడా పట్టుకున్న పిల్లకు బాష్పీభవనం అనే పెద్ద పదం తర్వాత ఎప్పుడైనా అతికించవచ్చు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. ఘనాలూ ద్రవాలూ ఎలాగోలా దారికొస్తాయి. నూటికి తొంభై పాళ్లు సమయం వాయువులకే కేటాయించండి. కంటికి కనబడనిది, చేతికి దొరకనిది కూడా ఒక వస్తువేనని పిల్లలు నమ్మాలి. గాలి గురించి చదువుకుంటారు కానీ, ఖాళీ గ్లాసులో ఏముందంటే "ఏమీ లేదు" అనే అంటారు. పెద్దలూ అంతే.

గ్లాసు అడుగున కాగితం ఉండచుట్టి ఇరికించి, బోర్లించి బకెట్లో నిటారుగా ముంచే ప్రయోగం అందరికీ తెలుసు, దాని గురించి ఎక్కువ చెప్పను. నాకు అంతకంటే ఇష్టమైనది సూది లేని సిరంజి. కొత్తది మందుల షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. గాలి నింపి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కమనండి. సగం దాకా నొక్కుకుపోతుంది, వదిలితే వెనక్కి తంతుంది. ఆ తన్నును బొటనవేలితో తెలుసుకున్నాక "అందులో ఏమీ లేదు" అని ఎవరూ అనరు. ఇప్పుడు బుడగ లేకుండా నీళ్లు నింపి నొక్కమనండి. కదలదు. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. ఇది తర్వాత కణాల దగ్గర పనికొస్తుంది, గుర్తుపెట్టుకోమనండి.

గాలికి బరువుందని చూపించడానికి చాలామంది కర్రకు అటూఇటూ ఊదిన బెలూన్లు కట్టి ఒకటి పగలగొడతారు. ఆ ప్రయోగంలో ఒక మెలిక ఉంది. బెలూనులోని గాలి బరువు, అది పక్కకు తోసిన బయటి గాలి బరువు దాదాపు సమానం. లోపల గాలి కాస్త కుదించుకుని ఉండడం వల్ల వచ్చే చిన్న తేడాయే కర్రను వంచాలి. పది తరగతుల్లో నాలుగింట అది సరిగ్గా పనిచేయక నేను తెల్లముఖం వేశాను. దానికి బదులు ఫుట్‌బాల్ వాడండి. గుండ్రంగానే ఉండి కాస్త మెత్తగా ఉన్నప్పుడు వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. పంపుతో రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టి మళ్లీ తూచండి. నాలుగైదు గ్రాములు పెరుగుతుంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. ఆ లెక్కన పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న మీ గదిలో గాలి దాదాపు 40 కిలోలు. అంటే మీ అమ్మాయి కంటే గదిలో గాలే ఎక్కువ బరువు ఉండొచ్చు! ఇది విన్న పిల్లలు ఇంటికెళ్లి అందరికీ చెప్పకుండా ఉండలేరు.

అన్నిటికంటే మంచి సాక్ష్యం మీ పొయ్యి పక్కనే ఉంది. గ్యాస్ బండ మెడ దగ్గరి పట్టీ మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. అది సాధారణంగా పదిహేను కిలోల పైచిలుకు. కొత్త బండ తెచ్చిన అబ్బాయిని తూచి చూపించమని అడగండి. తూకంలోంచి ఖాళీ బరువు తీసేస్తే 14.2 కిలోలు రావాలి. తీసివేత మీ అమ్మాయిచేతే చేయించండి. నెలో, నెలన్నరో గడిచి బండ ఖాళీ అయ్యాక ఆ 14 కిలోలు ఏమయ్యాయి? అంతా మంటగా మండి, కంటికి కనబడని వాయువులుగానే బయటికి పోయింది. వాయువుకు బరువు లేదనే మాట ఇక నిలబడదు.

బండ గురించి ఇంకో మాట. "గ్యాస్" అని పిలుస్తున్నా లోపల ఉన్నది చాలావరకు ద్రవమే. ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులను ఒత్తిడితో నొక్కి ద్రవంగా మార్చి నింపుతారు. బయటికి రాగానే అది దాదాపు 250 రెట్లు చోటు పట్టే వాయువవుతుంది. అందుకే అంత చిన్న బండ అన్ని రోజులు వస్తుంది, అందుకే అది లీకైతే అంత ప్రమాదం. పెళ్లి వంటల దగ్గర పెద్ద పొయ్యిలకు కలిపిన బండలను దూరం నుంచి చూపించండి. గంటల తరబడి మండితే బండ కింది భాగం చల్లబడి చెమట పడుతుంది. ద్రవం వాయువుగా మారడానికి కావలసిన వేడిని ఆ బండ నుంచే లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లగా ఉండేదీ ఇందుకే. కుండ గోడలోంచి ఊరిన నీరు పైన ఇగురుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అనంతపురంలో ఏప్రిల్‌లో కుండ నీళ్లు జిల్లుమంటాయి. కాకినాడలో ఉక్కపోత రోజున అదే కుండ అంత పనిచేయదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడంతో నీరు తొందరగా ఇగరదు. రెగ్యులేటరు జోలికి, ట్యూబు జోలికి పిల్లలను పోనివ్వకండని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆవిరి దగ్గర మళ్లీ భాష మోసం చేస్తుంది. కాఫీ కప్పు మీద తెల్లగా లేచేదాన్ని మనం పొగ అంటాం, లేదా ఆవిరి అంటాం. అది రెండూ కాదు. తెల్లగా కనబడేది గాలిలో తేలుతున్న సన్నటి నీటితుంపర, అంటే ద్రవమే. అసలు నీటిఆవిరి కనబడదు. కెటిల్ మరుగుతున్నప్పుడు దాని మూతికి ఆనుకుని వేలెడంత మేర ఏమీ కనబడదు, ఆ తర్వాతే తెల్లటిది మొదలవుతుంది. ఆ ఖాళీగా కనబడే చోట ఉన్నదే ఆవిరి. దూరం నుంచే చూపించండి. ఆవిరి కాల్పు వేడినీళ్ల కాల్పు కంటే ఘోరం. సున్నా డిగ్రీల నీటిని వంద డిగ్రీలకు తేవడానికి పట్టే వేడికి ఐదు రెట్లకు పైగా వేడి, ఆ మరిగే నీటిని ఆవిరి చేయడానికి పడుతుంది. చర్మం మీద తిరిగి నీరైనప్పుడు ఆ వేడినంతా అక్కడే వదులుతుంది.

మరిగే నీటిలో బుడగల్లో ఏముందని మీ అమ్మాయిని అడగండి. గాలి అంటుంది. మీరు కూడా అదే అనుకుంటూ ఉండవచ్చు, సిగ్గుపడకండి. న్యూజిలాండ్‌లో రోజర్ ఆస్బోర్న్, మార్క్ కాస్గ్రోవ్ అనే పరిశోధకులు 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఇదే అడిగి, 1983లో ఆ జవాబులు ప్రచురించారు. వేడి అన్నారు, గాలి అన్నారు. చదువు పెరిగినకొద్దీ ఆక్సిజన్, హైడ్రోజన్ అన్న జవాబులూ వచ్చాయి. అంటే పాఠాలు చదివి కొత్త తప్పు నేర్చుకున్నారన్నమాట. నిజానికి నీళ్లు వెచ్చబడగానే గిన్నె అడుగున కనిపించే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలి. మరిగేటప్పుడు వచ్చే పెద్ద బుడగలు నీటిఆవిరి, అంటే నీరే. గిన్నె మీద చల్లటి మూత పెట్టి తీస్తే చుక్కలు రాలతాయి. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడల్లా మీరు చూసేదే.

"వంద డిగ్రీల దగ్గర ఆవిరవుతుందంటే, బట్టలు ముప్ఫై డిగ్రీలకే ఎలా ఆరతాయి?" అని పిల్లలు అడగరు. అడగకపోతే మీరే అడగండి. ఇగరడం ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, నీటి పైభాగం నుంచి మాత్రమే. మరగడం ఒక వేడి దగ్గరే, నీటి లోపలంతా. అది కూడా అన్నిచోట్లా వంద కాదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో 98 దగ్గరే మరుగుతాయి, కుక్కరులో ఒత్తిడి వల్ల 120 దాకా పోతాయి. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది.

తిరుగు ప్రయాణానికి మజ్జిగ ప్రయోగం చేయండి. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పడుతుంది కదా, ఆ నీరెక్కడిదంటే పిల్లలు గ్లాసులోంచి ఊరిందంటారు. వాదించకండి. ఫ్రిజ్‌లోని మజ్జిగ అదే గ్లాసులో పోసి పెట్టండి. లోపలి నుంచి ఊరేదైతే బయట తెల్లటి చుక్కలు రావాలి. తుడిచి చూడమనండి, కావాలంటే నాకి చూడమనండి. నీళ్లే. అయితే ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ పిల్లలు ఆలోచించే కాసేపు మౌనంగా ఉండండి. ఆ మౌనాన్ని భరించడం టీచర్లకే కష్టం, తల్లులకు ఇంకా కష్టం.

నెయ్యి, కొబ్బరినూనె గురించి క్లుప్తంగా. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి డిసెంబరు తెల్లవారుజామున పేరుకుని, మధ్యాహ్నానికి నీరవుతుంది. ఒకే వస్తువు, రెండు రూపాలు, మధ్యలో ఎవరూ ఏమీ కలపలేదు. పేరుకునే ముందు, తర్వాత సీసాను తూస్తే బరువు మారదు. పేరుకున్న నూనె నడిమధ్యలో గుంటపడుతుంది, ఎందుకంటే గట్టిపడుతూ కుంచించుకుంది. నీరు మాత్రం ఎదురు నడుస్తుంది. మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, అందుకే మంచు నీటిలో తేలుతుంది. గాజు సీసాలో మాత్రం నీళ్లు గడ్డకట్టించకండి, పగులుతుంది.

ఘనం నుంచి నేరుగా వాయువు కావడానికి కర్పూరం ఉంది. "హారతి కర్పూరంలా హరించుకుపోయింది" అంటాం కానీ, హారతిలో జరిగేది మండడం. మంట లేకుండా చూపించాలంటే గట్టి మూత ఉన్న గాజుసీసాలో రెండు బిళ్లలు వేసి కిటికీలో వారం, పది రోజులు ఉంచండి. సీసా గోడకు సన్నటి మెరుపు పలుకులు పడతాయి. బీరువాలోని కలరా ఉండలు కూడా ఇలాగే చిక్కిపోతాయి, అయితే వాటిని పిల్లల చేతికివ్వకండి, విషం.

కణాల సంగతి ఐదో తరగతిలో తొందరపడి ఎత్తుకోనక్కర్లేదు. మీ అమ్మాయే "ఎందుకు?" అని అడిగితే అప్పుడు చెప్పండి. ప్రార్థన వరుసలో నిలబడి అక్కడక్కడే కదిలే పిల్లలు ఘనం, జాతరలో ఒకరినొకరు రాసుకుంటూ జరిగే జనం ద్రవం, ఇంటి గంట కొట్టగానే మైదానంలో నలుదిక్కులా పరుగెత్తే పిల్లలు వాయువు. ఈ ఆట బడుల్లో పాతదే. నేను ఏళ్ల తరబడి చేసిన తప్పు మాత్రం మీరు చేయకండి. బోర్డు మీద ఘనంలో చుక్కలు దగ్గరగా, ద్రవంలో సగం దూరంగా, వాయువులో ఇంకాస్త దూరంగా వేసేవాడిని. ఒక అమ్మాయి లేచి, "ద్రవంలో అంత ఖాళీ ఉంటే సిరంజిలో నీళ్లు ఎందుకు నొక్కుకోలేదండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు, బొమ్మే తప్పు. ద్రవంలోనూ కణాలు ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. వరుస చెదిరిందంతే. వాయువు సంగతి వేరు. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నీరు మరిగి ఆవిరైతే ఎనిమిది లీటర్లకు పైగా చోటు పడుతుంది. బోర్డు మీద నిజంగా వేయాలంటే వాయువు చుక్కల్లో ఒకటి ఈ చివర, ఇంకొకటి ఆ చివర పడాలి. వాటి మధ్య ఏముంటుందని అడిగితే అందరూ "గాలి" అంటారు. గాలి కూడా కణాలే కదా, మరి వాటి మధ్య? అని మళ్లీ అడగండి. ఏమీ లేదు, ఉత్త ఖాళీ అని ఒప్పుకోవడానికి పిల్లలకు చాలా రోజులు పడుతుంది. కణం తనే కరుగుతుందని, వేడికి కణమే ఉబ్బుతుందని కూడా అనుకుంటారు. కణం మారదు, దాని కదలికే మారుతుంది.

ఇంట్లో తాతయ్యో, నాయనమ్మో ఉంటే పంచభూతాల మాట తప్పకుండా వస్తుంది. రానివ్వండి. భూమి, నీరు, గాలి అనగానే మూడు స్థితులు గుర్తొస్తాయి. అప్పుడు మీ అమ్మాయి "మరి నిప్పు?" అంటుంది. మంట ఒక వస్తువు కాదు, అది జరుగుతున్న ఒక పని. దీపపు మంటలో వేడెక్కిన వాయువులు, వెలుగుతున్న మసి రేణువులు ఉంటాయి. పసుపుపచ్చగా కనబడేది ఆ మసే. స్టీలు గరిటెను ఒక్క క్షణం మంటలో పెట్టి తీస్తే నల్లగా అంటుకుంటుంది. మెరుపులో, సూర్యుడిలో, వెలుగుతున్న పాతరకం (ఎల్‌ఈడీ కాని) ట్యూబులైటులో ఉండే నాలుగో స్థితి ప్లాస్మా. ఆ పేరు చెప్పి వదిలేయండి. వెలుతురు, నీడ, వేడి మాత్రం ఏ గడిలోనూ పట్టవు, వాటికి బరువు లేదు.

ఇక పోయిన మార్కు. బడికి వెళ్లి తగాదా పెట్టుకోకండి. చక్కెర ఘనపదార్థమే, పరీక్షలో అలాగే రాయమనండి. పక్కనే ఒక వాక్యం చేర్చమనండి: "ఒక్కో పలుకుకు దాని ఆకారం ఉంది, పోస్తే కుప్ప పడుతుంది." టీచరు మంచివారైతే వచ్చే ఏడాది పటికబెల్లం తరగతికి తెస్తారు. రోలు బరువు కాబట్టి, దాన్ని మోయడానికి మీ అమ్మాయిని పిలుస్తారు.